పాత కన్ను చేసిన ఉద్యోగం

జూన్ 4

పిచ్చుకకి,

నీకు ఒంట్లో ఎలా ఉంది? ముందు అది రాయి, మిగతావన్నీ తర్వాత. ఫోను మాత్రం చేయకు. ఫోనులో నాకు సగం మాటలే వినిపిస్తాయి. వినిపించని సగంలో ఏముందోనని రెండు రోజులు తిండి సయించదు. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు.

కుడి కంటి ఆపరేషన్ అయింది. నొప్పి లేదు. డాక్టరమ్మ కట్టు విప్పగానే ముందు ఆవిడ తెల్లకోటు కనబడింది. అంత తెలుపు నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు. తెలుపు కూడా కాదు, నీలిమందు ఎక్కువైన తెలుపు. ఇంటికొచ్చి చూస్తే దుప్పట్లూ అలాగే ఉన్నాయి. ఇస్త్రీ అతన్ని పిలిచి, "నీలిమందు ఇలా గుమ్మరించావేమయ్యా?" అని కేకలేశాను. "నేను ఇస్త్రీయేనమ్మా, ఉతకడం మీరే కదా" అన్నాడు. నిజమే, ఉతికింది నేనే. పాపం, వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు కూడా అడగలేదు. కోపం వచ్చిందేమో. రేపు ఒకసారి పలకరించాలి.

అది పోనీ. అసలు సంగతి ఇది. నువ్వు చలికాలంలో పంపిన ఫోటో అద్దం పక్కన పెట్టుకున్నాను కదా, దాన్ని కొత్త కంటితో చూశాను. నీ ముఖంలో రక్తం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే మామూలుగానే, నిగనిగలాడుతూ ఉన్నావు. ఎడమది మూసి చూస్తే మంచం మీంచి లేచి వచ్చినదానిలా ఉన్నావు. ఏ కన్ను నిజం చెబుతోందో తెలియక పొద్దుటినుంచీ ఒకటి మూసి ఒకటి తెరుస్తున్నాను. దాచకుండా రాయి. మీ అమ్మ కూడా అలాగే దాచింది. నిన్ను నా చేతిలో పెట్టేదాకా దాచింది.

ఎడమ కంటికి వచ్చే నెల మొదటివారంలో రమ్మన్నారు.

గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చి సంతకం పెడుతున్న
నీ పెద్దమ్మ


జూన్ 12

పెద్దమ్మకి,

నాకు రక్తం ఉంది. నిన్న ఆఫీసులో కాగితం అంచు తగిలి వేలు తెగితే ఎర్రగానే వచ్చింది. ఈ మాట రాయకుండా ఉండాల్సింది, ఇప్పుడు వేలు గురించి అడుగుతావు. వేలు బాగుంది.

నీ కళ్ళు రెండూ నిజమే చెబుతున్నాయి. మన కంట్లో చిన్న గాజుబిళ్ళలాంటిది ఉంటుంది. వెలుగు దాన్ని దాటుకునే లోపలికి వెళ్ళాలి. వయసు మీదపడే కొద్దీ ఆ బిళ్ళ పసుపెక్కుతుంది. మన వంటింట్లో లైటు మీది ప్లాస్టిక్ మూత పొగకి ఎలా తయారైందో గుర్తుందా? అలాగ. పసుపెక్కిన బిళ్ళ నీలాన్ని చాలావరకు లోపలికి రానివ్వదు. ఇదంతా మెల్లిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలియదు. ఉన్న రంగుల్నే అసలు రంగులనుకుని మనసు సర్దుకుపోతుంది. డాక్టరమ్మ ఆ బిళ్ళ తీసి కొత్తది పెట్టింది. ఇన్నేళ్ళు గుమ్మం బయట నిలబడిన నీలమంతా ఒక్కసారి లోపలికి వచ్చింది. అందుకే నేను నీలంగా ఉన్నాను. కొన్నాళ్ళకి అలవాటవుతుంది.

ఇక నాకొక సాయం కావాలి. ఊళ్ళ మధ్య తిరిగే బస్సులకి టికెట్టు తీసుకునే వెబ్‌సైటు ఒకటి మేము కొత్తగా తయారుచేస్తున్నాం. ఏ అక్షరం ఏ రంగులో ఉండాలి, ఏ బటను ఎక్కడ ఉండాలి, అది చూసేది నేనే. పాత సైటులో డబ్బు కట్టే బటను కనబడటం లేదని పెద్దవాళ్ళు ఫోన్లు చేస్తున్నారట. మా ఆఫీసులో అందరివీ పడుచు కళ్ళు, మాకు అన్నీ కనబడతాయి. నీ దగ్గరేమో ఒకే ముఖంలో ఒక పాత కన్ను, ఒక కొత్త కన్ను ఉన్నాయి! అలాంటి మనిషి నాకు ఎక్కడ దొరుకుతుంది?

కొన్ని పేజీలు రంగుల్లో అచ్చువేసి పంపుతున్నాను. స్క్రీను మీద రంగు వేరు, కాగితం మీద రంగు కాస్త వేరు, అయినా పనికొస్తుంది. ఒక్కో పేజీని ముందు పాత కంటితో, తర్వాత కొత్త కంటితో చూడు. ఏం కనబడిందో, ఏం కనబడలేదో రాయి. తప్పూ ఒప్పూ ఏమీ లేదు.

వేలికి కట్టు కూడా అక్కర్లేని
పిచ్చుక


జూన్ 19

పిచ్చుకకి,

వేలికి పసుపైనా పెట్టావా? కాగితం గాయమే కదా అని వదిలేస్తారు, అదే ముదురుతుంది.

నీ పేజీలు చూశాను. తప్పు రాస్తే నీ ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనని మంచి వెలుగులో, మేడ మెట్ల పక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూశాను.

మొదటి పేజీలో పైన నల్ల పట్టీ ఉంది. పాత కంటికి అది ఉత్త నల్ల పట్టీయే. కొత్త కంటితో చూద్దును కదా, దాని మీద ఊదారంగు బటను! "టికెట్టు తీసుకోండి" అని రాసి కూడా ఉంది. నాకు భయమేసింది. అప్పటిదాకా లేనిది ఎక్కడినుంచి వచ్చింది? మూడుసార్లు కళ్ళు మార్చి చూశాను. ఒక కంటికి మునుగుతుంది, ఇంకో కంటికి తేలుతుంది.

రెండో పేజీలో తెల్లకాగితం మీద లేత బూడిదరంగు అక్షరాలు. అవి అక్షరాలని నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను. పాత కంటికి కాగితం మీద దుమ్ము పడినట్టుంది. ఊదబోయాను కూడా.

మూడో పేజీలో బస్సు సీట్లు, ఎర్రవి కొన్ని, ఆకుపచ్చవి కొన్ని. అవి నాకు రెండు కళ్ళకీ తెలిశాయి. కానీ కింది వాటా టైలరు చొక్కా గుండీలు ఇవ్వడానికి వచ్చి, "ఏంటి అక్కగారూ, ఈ బస్సులో సీట్లన్నీ ఒకే రంగు?" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. చిన్నప్పటినుంచీ అతనికి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనట! బట్టలు కుట్టే మనిషి! దారపు ఉండలు ఒక వరసలో పెట్టుకుంటాడు, ఆ వరస మనమెవరం కదిపినా ఊరుకోడు. అందుకన్నమాట. "ఎవరికీ చెప్పకండి, బేరం పోతుంది" అన్నాడు. నీకు ఒక్కదానికే రాస్తున్నాను. నువ్వు ఎవరికీ చెప్పకు.

మళ్ళీ పేజీలు ఉంటే పంపు. పని ఆగకూడదు.

కిటికీ దగ్గర కూర్చుంటే గాలి కొడుతుందని తలకి గుడ్డ కట్టుకున్న
నీ పెద్దమ్మ


జూన్ 27

పెద్దమ్మకి,

నీ ఉత్తరం మీటింగులో చదివి వినిపించాను, టైలరుగారి సంగతి మాత్రం "ఒక తెలిసినాయన" అని చదివాను. "ఊదబోయాను" అన్నచోట అందరూ పకపకా నవ్వారు. ఆ లేత బూడిదరంగు మా మేనేజరుకి మహా ఇష్టం. "చూడటానికి నాజూగ్గా ఉంటుంది" అనేవాడు. "నాజూగ్గా ఉంది సార్, కనబడటం లేదంతే" అన్నాను.

నాకు తెలిసింది ఏమిటంటే, రంగు ఏదన్నది తర్వాతి సంగతి. అక్షరానికీ దాని వెనక ఉన్నదానికీ వెలుగులో ఎంత తేడా ఉందన్నదే ముందు చూడాలి. పేజీని నలుపు తెలుపుల్లో అచ్చువేస్తే బండారం బయటపడుతుంది. మన ఊదా బటనూ నల్లపట్టీ అలా వేస్తే ఇద్దరూ కవలపిల్లలు! ఇక టైలరుగారి ధర్మమా అని సీట్లు మార్చేశాం. రంగు ఉంటుంది, దానితోపాటు నిండిన సీటు మీద అడ్డగీత కూడా ఉంటుంది. ఏ సంగతినీ ఒక్క రంగు నెత్తినే పెట్టకూడదు, పక్కన ఒక గుర్తో మాటో తోడుండాలి.

ఈ సైటుకి అసలు అధికారి మా పెద్దమ్మ ఎడమ కన్ను అని అందరికీ చెప్పాను. ఆ కన్నుని బహు జాగ్రత్తగా చూసుకోమని మేనేజరు నీకు రాయమన్నాడు. ఇంకో కట్ట పేజీలు పంపుతున్నాను.

రెండో ఆపరేషన్ తేదీ ఎప్పుడన్నావు?

ఆఫీసులో తలెత్తుకు తిరుగుతున్న
పిచ్చుక


జులై 24

పిచ్చుకకి,

నువ్వు పంపిన కట్టలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టాను. వాన జల్లు పడుతుందేమోనని పెట్టెని మంచం మీదకి మార్చాను. నేను కాస్త పక్కకి సర్దుకుని పడుకుంటున్నాను. వారం వారం ఉత్తరం వస్తుంటే పోస్టు అతను కూడా, "ఏమ్మా, ఉద్యోగంలో చేరావా?" అని అడుగుతున్నాడు. చేరానన్నాను.

ఆపరేషన్ తేదీ అడిగావు. డాక్టరమ్మ ఊళ్ళో లేదట. వచ్చాక చూద్దాం. ఎడమ కన్ను ఎక్కడికీ పోదు. మీ మేనేజరుగారు జాగ్రత్తగా చూసుకోమన్నారు కదా, చూసుకుంటున్నాను. ఎండలోకి వెళ్ళేటప్పుడు దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను.

ఈసారి పేజీల్లో బటన్లూ లేవు, సీట్లూ లేవు. ఉత్త రంగుల గళ్ళు. ఏ గడి చూస్తే ఏం గుర్తొస్తుందో రాయమన్నావు. ఆఫీసువాళ్ళు ఇలాంటివి కూడా అడుగుతారా? సరే, రాస్తున్నాను. పైన మొదటి గడి, పాత కంటికి మురికి ఆకుపచ్చ, కొత్త కంటికి మంచి నీలం. నీ బడి వానకోటు అదే. దాని టోపీ నీ ముక్కు దాకా వచ్చేది. దారి కనబడక పడిపోతావేమోనని నేను బడిదాకా నీ వెనకే నడిచేదాన్ని, నీకు తెలియకుండా. దాని పక్క గడి పాత కంటికి బూడిదరంగు, కొత్త కంటికి లేత ఊదా. అది చూసి నాకు అనుమానం వచ్చింది. బట్టల ట్రంకుపెట్టె తెరిచి మీ అమ్మ శాలువా తీశాను. నేను బూడిదరంగు అనుకుంటూ మడతపెట్టుకుంటున్న శాలువా, పిచ్చుకా, ఊదారంగు. కొన్నప్పుడు మేమిద్దరం షాపులో చూసిన రంగు అదేనని ఇప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడు మరిచిపోయానో మాత్రం తెలియదు. కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అన్నం మాడింది.

మిగతా గళ్ళు రేపటికి ఉంచాను. ఒక్కరోజే అన్నీ చూసేస్తే అయిపోతాయి కదా.

మెట్ల దగ్గర కాస్త కాలు జారింది, ఏమీ కాలేదు, నువ్వు దాని గురించి రాయనక్కర్లేదు.

అట్టపెట్టెకి కాపలా ఉన్న
నీ పెద్దమ్మ


ఆగస్టు 2

పెద్దమ్మకి,

నిన్న టైలరుగారు ఫోను చేశారు. కాలు జారలేదట, చివరి మెట్టు కనబడక పడ్డావట. కుడి మణికట్టు వాచి, దాన్ని ఎడంచేత్తో అదిమిపట్టుకుని ఉత్తరం రాస్తున్నావట. ఆస్పత్రికి ఫోను చేస్తే డాక్టరమ్మ ఏ ఊరూ వెళ్ళలేదన్నారు. నీకిచ్చిన తేదీకి నువ్వు రాలేదని, మళ్ళీ ఇచ్చిన తేదీకీ రాలేదని చెప్పారు.

నాకు అబద్ధం రాశావు. నేను దాస్తానేమోనని చిన్నప్పటినుంచీ నా నాలుక చూసి, గోళ్ళు చూసి, కళ్ళ కింది రెప్పలు లాగి చూసిన మనిషివి నువ్వు!

ఒక కన్ను అలా, ఒక కన్ను ఇలా ఉంటే మెట్టు ఎత్తు తెలియదని డాక్టరమ్మ నీకు చెప్పిందట కదా. భయమా? మొదటిదానికి నొప్పి లేదని రాసింది నువ్వే. లేక నా పేజీలు చూసి చూసి ఆ కంటిని ఇంకా పాడుచేసుకున్నావా? అదే అయితే ఆ పాపం నాది. ఆపరేషన్ అయ్యేదాకా ఇంక ఒక్క పేజీ కూడా పంపను. ఆ పెట్టె కట్టి అటక మీద పెట్టెయ్యి.

పిచ్చుక


ఆగస్టు 6

పిచ్చుకకి,

టైలరుకి నీ నంబరు ఇచ్చింది నేనే, నాకేమైనా అయితే చెప్పమని. ఏమీ కాకముందే చెప్పేశాడు. ఇప్పుడు నా ముఖం చూడలేక దారపు ఉండలు సర్దుకుంటున్నాడు.

కేకలేశావు. వెయ్యి. నేనూ నిన్ను చాలాసార్లు కేకలేశాను.

భయం కాదే. నాకు అన్నిటికీ భయమే, అది నీకు తెలుసు, కానీ దీనికి కాదు. ఎలా రాయాలో తెలియక చాలాసేపు కాగితం ముందు కూర్చున్నాను. ఈ పేజీలు రాకముందు నీ ఉత్తరం ఎప్పుడొచ్చేది? ఎండాకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి. "బాగున్నాను, పని ఎక్కువగా ఉంది." అంతే. నేను తప్పు పట్టడం లేదు, నీకు పని ఉంటుంది. పేజీలు మొదలయ్యాక వారం వారం వస్తున్నాయి. పొడుగ్గా రాస్తున్నావు. నీ మేనేజరు ఏమన్నాడో రాస్తున్నావు. ఎందుకు నవ్వావో రాస్తున్నావు. పెద్ద చదువులు చదవనిదాన్నే కానీ ఆ ఉత్తరాలు ఎవరికోసం వస్తున్నాయో ఆమాత్రం తెలుసు. అవి నాకు కాదు, నా ఎడమ కంటికి. ఒకే ముఖంలో ఒక పాతదీ ఒక కొత్తదీ ఉన్న మనిషి ఎక్కడ దొరుకుతుందని నువ్వే రాశావు. రెండూ కొత్తవైపోతే నేను అందరిలాంటిదాన్నే కదా. ఇంక నా దగ్గర నీకు పనికొచ్చేది ఏముంటుంది?

అందుకని వెళ్ళలేదు. మెట్లదేముంది, పట్టుకుని దిగుతాను.

పెట్టె అటక మీద పెట్టలేదు. అంత ఎత్తు ఎక్కితే మళ్ళీ పడతానని.

పెద్దమ్మ


ఆగస్టు 11

పెద్దమ్మకి,

ఆ సైటు జులై మొదట్లోనే అయిపోయింది. జనం టికెట్లు కూడా కొనుక్కుంటున్నారు. తర్వాత పంపిన కట్టల్లో ఒక్కటీ ఆఫీసుది కాదు. రంగుల గళ్ళు చూస్తే ఏం గుర్తొస్తుందని ఏ ఆఫీసు అడుగుతుంది పెద్దమ్మా? నా గదిలో కూర్చుని నేనే తయారుచేశాను. వానకోటు నీలం కుదరక ఒక ఆదివారమంతా పట్టింది. అది నీకు గుర్తుందో లేదో చూద్దామని.

ఎందుకు చేశానంటే, నాకూ ఒక సాకు కావాలి. ఇదివరకు నేను ఏం రాసినా నీకు అది ఒక దిగులై కూర్చునేది. తుమ్మానని రాస్తే మందులు, ఆలస్యంగా ఇంటికొచ్చానని రాస్తే నీకు నిద్ర పట్టేది కాదు. అందుకని రాయడం తగ్గించాను. బాగున్నాను, పని ఎక్కువగా ఉంది. ఆ రెండు మాటలకైతే నీకు భయపడటానికి ఏమీ దొరకదనుకున్నాను. అది దొరకలేదేమో కానీ, నువ్వే నాకు దొరక్కుండా పోయావు. ఈ పేజీలు మొదలుపెట్టాక నీ ఉత్తరాల్లో నువ్వు కనబడ్డావు. దుమ్మనుకుని అక్షరాల్ని ఊదిన నువ్వు, తలకి గుడ్డ కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న నువ్వు. సైటు అయిపోతే ఇవన్నీ ఆగిపోతాయని నేను ఎవరికీ చెప్పకుండా అచ్చువేస్తూ పోయాను. నీ కన్ను పోతుంటే పేజీలు పంపుతూ కూర్చున్నాను. నాకు తెలియదు. తెలిసి ఉంటే...

వస్తున్నాను. సెలవు పెట్టాను. ఆస్పత్రిలో తేదీ తీసుకున్నాను. నేను వచ్చేదాకా మెట్లు దిగకు. ఏం కావాలన్నా టైలరుగారిని కేకేయి. ఆయన ముఖం చాటేస్తే, ఆయన రహస్యం నాకు తెలుసని చెప్పు.

నీ పిచ్చుక


సెప్టెంబరు 9

పిచ్చుకకి,

క్షేమంగా చేరావా? బస్సులో కిటికీ వేసుకున్నావా? సరే, అడగనన్నాను కదా. అడిగేశాను, పోనీ.

నువ్వు రాసిపెట్టినట్టే చుక్కలు వేసుకుంటున్నాను. రెండు కళ్ళూ ఇప్పుడు ఒకటే మాట చెబుతున్నాయి. దుప్పట్లు మామూలుగా తెల్లగా ఉన్నాయి, నువ్వు చెప్పినట్టే అలవాటైంది. ఇస్త్రీ అతనికి నా తప్పేనని చెప్పాను. ఏ తప్పని అడిగాడు. మరిచిపోయాడట. నేనే అప్పటినుంచీ మోస్తున్నాను. టైలరు కిటికీలోంచి "అక్కగారూ, ఈ దారం ఏ రంగు?" అని ధైర్యంగా అడుగుతున్నాడు, బేరాలు లేనప్పుడు.

నిన్ను ఇన్నాళ్ళూ దగ్గరగా పెట్టుకుని చూశాను కదా. నీ కళ్ళ కింద నలుపు ఉంది. చెవి పక్కన రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఏమీ అనలేదు. ఎంత అనాలనిపించిందో నీకు తెలియదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

ఇప్పుడు నువ్వు నాకు పేజీలు పంపాల్సిన పనేమీ లేదు. నీకు సాకూ లేదు, నాకు పాత కన్నూ లేదు. అయినా నేను చూసినది నీకు రాస్తున్నాను, ఎవరూ అడగకుండానే.

నిన్న పొద్దున నువ్వు వెళ్తుంటే మేడ మీద నిలబడ్డాను. ఇదివరకు నువ్వు ఎప్పుడు వెళ్ళినా నాలుగిళ్ళు దాటేసరికి మసకలో కలిసిపోయేదానివి. వెళ్ళిపోయిందనుకుని నేను లోపలికి వచ్చేసేదాన్ని. వెళ్ళడం అంటే అంతేననుకున్నాను. ఈసారి నువ్వు ఎంతకీ మాయమవలేదు. నీ ఆకుపచ్చ సంచీ కనబడుతోంది, జడ కనబడుతోంది, మందుల షాపు దాటినా కనబడుతోంది. మలుపు దగ్గర ఆగావు. నాకింక కనబడననుకున్నావు. సంచీ కింద పెట్టి, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నావు. చాలాసేపు తుడుచుకున్నావు. తర్వాత సంచీ ఎత్తుకుని తిరిగావు.

ప్రతిసారీ అక్కడ ఆగేదానివా పిచ్చుకా?

ఇవాళ కూడా మేడ మీదే కూర్చుని ఇది రాస్తున్న
నీ పెద్దమ్మ